బూజును ఉడికించిన సిస్టరమ్మ

ఆ రోజుల్లో హిందూపురంలో ఏ జబ్బుకైనా ముందు స్టవ్ మీద నీళ్ళు మరగాల్సిందే. గాజు సిరంజీ, సూదీ ఉడికి బయటికొస్తేనే వైద్యం మొదలైనట్టు. తొంభైల్లో బోటనీ ఎమ్మెస్సీ ముగించి (బూజుల మీద ప్రాజెక్టు కూడా చేసి), లోకంలో నాకు తెలియనిది లేదన్న ధీమాతో అక్కడొక అలర్జీ డాక్టరు దగ్గర చేరాను. కొత్తల్లోనే పెనుకొండ నుంచి మా చిన్నమ్మ వచ్చింది, వెంట ఆమె అత్త, మాకు అవ్వ. విత్తనపు వేరుశనగ నిల్వచేసిన కొట్టులోకి పోతే చిన్నమ్మకు తుమ్ములు, ఆయాసం. కాయల మీది బూజే కారణమని నా అనుమానం, ఒట్టి నటనని అవ్వ తీర్మానం. పరీక్షలో ఏమీ తేలకపోతే కొట్టు పనంతా చిన్నమ్మదేనని బస్సులోనే ఒప్పించి తెచ్చింది.

డాక్టరుగారు చిన్నమ్మ ముంజేతి మీద బూజు మందు చుక్క వేసి, సూదితో గుచ్చారు. ఎంతసేపు చూసినా చెయ్యి నున్నగానే ఉంది. "చూస్తివా పాపా? దీనికి ఉండాది రోగం కాదు, సోమరితనం!" అంది అవ్వ. చిన్నమ్మ తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండి మందు సీసా అందుకున్నాను. ఫ్రిజ్‌లో ఉండాల్సిన సీసా గోరువెచ్చగా తగిలింది!

"సిస్టరమ్మా, దీన్నేం చేసినావు?" అని అక్కడి నర్సును అడిగాను.

"సూదుల్తో పాటు ఉడకేసినా. ఒంట్లోకి పోయేదాన్ని కాచకుండా ఎట్లిస్తారు? అయినా మందు యాడికి పోతాది, దాంట్లోనే ఉండాది కదా!"

"ఉండాది, ఆకారమే పోయింది! బూజులోని ప్రొటీను ఒక తీరుగా మడతపడి ఉంటేనే మా చిన్నమ్మ ఒంట్లోని యాంటీబాడీ దాన్ని పట్టుకునేది. ధర్మవరం పట్టుచీరను పోగులు పోగులుగా లాగి చూపిస్తే షాపాయన గుర్తుపడతాడా?"

"అన్ని ప్రొటీన్లూ అట్లా కాదమ్మా, కొన్ని ఉడికినా పనిచేస్తాయి" అన్నారు డాక్టరుగారు.

"చిన్నమ్మను బాధపెట్టేది ఏ రకమో ఉడకనిదాంతో చూస్తేనే కదా సార్ తెలిసేది!"

ఆయన నవ్వి కొత్త సీసా తెరిచారు. ఈసారి రెండో చెయ్యి. "పాపా, దురదగా ఉండాది" అంది చిన్నమ్మ. "గోకొద్దు! చంపేస్తా!" అని అరిచాను. చూస్తుండగానే ఎర్రగా, పొంగిన పూరీలా దద్దురు లేచింది. నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. చిన్నమ్మ ఆ చేతిని అత్త ముక్కు కిందికి చాచింది. "ఎవరికైనా వస్తాదిలే, నాకూ పొడువు" అని అవ్వ చెయ్యి ముందుకు పెట్టింది. ఆమెకు మాత్రం ఏమీ రాలేదు. "నాకు రాలేదేమే?" అంది, పెళ్ళిలో తాంబూలం అందనట్టు చిన్నబుచ్చుకుని. "నీకు పడతాది కాబట్టే అవ్వా, కొట్టు పని ఇంక నీదే" అన్నాను. ఆ ఏడు కొట్టులోకి అవ్వే పోయింది, నన్ను తిట్టుకుంటూ.

ఇప్పుడు బూజులోని ఒక్కో ప్రొటీనుకూ విడివిడిగా రక్తపరీక్షలున్నాయి. రిపోర్టు వస్తుంది, ఎవరూ అరవరు. మంచిదే. కానీ ఒక మనిషి చేతికి దద్దురు లేచిందని పండగ చేసుకున్న ఆ పిల్ల, అప్పటి నేను, ఎదురుపడితే, కాస్త గొంతు తగ్గించు తల్లీ అని చెప్పాలనిపిస్తుంది. వింటుందా? నాతోనే వాదన పెట్టుకుంటుంది. నేనే ఓడిపోతాను, సంతోషంగా.