చిన్నాయన వ్యాను, చిన్నమ్మ నిమ్మకాయ

మొన్నీమధ్య మన్సూరాబాద్‌లో చిన్నమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత వ్యాను లోపలి పలక ఊడదీసి తల దూర్చేసరికి పెట్రోలు టాంకు మీద ఒక విచిత్రం కనబడింది. టాంకుకు గాలి ఆడటానికి పైన రెండు మూతులుంటాయి. ఒక్కోదానికి ఒక్కో రబ్బరు గొట్టం తొడిగి, పైదాకా తీసుకెళ్లి బండి బయటికి వదలాలి. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ఆ దారిన గాలి లోపలికి పోతుంది. పోకపోతే పెట్రోలు ఇంజనుకు దిగదు. ఇక్కడ మాత్రం ఎవరో ఒకే గొట్టం ముక్క తీసుకుని, ఒక కొస ఈ మూతికి, రెండో కొస ఆ మూతికి తొడిగి క్లిప్పులు బిగించారు. అంటే టాంకు తన ముక్కు తానే మూసుకుని కూర్చుంది. బిగింపు చూడగానే చిన్నాయన పనేనని తెలిసిపోయింది. తాను బిగించినదాన్ని విప్పే మనిషి ఒకడు పుడతాడని ఆయన ఏనాడూ అనుకోలేదు.

నేను విప్పడానికి కారణం ఉంది. ఆ ఇంటిని అపార్టుమెంటు కోసం ఇచ్చేశారు. షెడ్డు పడగొట్టేలోపు బండి కదలాలి. "నడిస్తే నువ్వు తీస్కపో అన్నా, లేకుంటే తుక్కుకే" అన్నాడు చిన్నమ్మ కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు కాస్త జాగా ఉంది. చిన్నమ్మ బండిని ఉంచమనీ అనలేదు, తీసుకుపొమ్మనీ అనలేదు. నేను పనిచేస్తున్నంతసేపూ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని బండివైపే చూస్తూ కూర్చునేది. అది తుక్కుకు పోతే ఆమె తట్టుకోలేదని నాకు భయంగా ఉండేది. పక్క పోర్షన్లో కిరాయికుండే రాజమండ్రి మాస్టారికి ఆ భయాలేమీ లేవు. "ఇది గనక కదిలితే సగం మీసం తీయించుకుంటానండీ" అని రోజూ ఒకసారి వచ్చి చెప్పి వెళ్లేవారు.

చిన్నమ్మకు బస్సు పడేది కాదు. ఎల్బీ నగర్‌లో ఎక్కితే హయత్‌నగర్ రాకముందే వాంతులు. అందుకని ఊళ్లోవాళ్లంతా చూసొచ్చిన చోట్లేవీ ఆమె చూడలేదు. చిన్నాయన ఎవరో వదిలించుకుంటున్న ఈ గుండ్రటి ముక్కు వ్యాను కొని, వడ్రంగిని పెట్టి లోపల బల్లమంచం, పొయ్యి పెట్టుకునే అర చేయించి, పూల కర్టెన్లు కట్టించాడు. "ఇగ పండుకోని పోదువు గాని" అన్నాడు భార్యతో. గల్లీ అంతా దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. తీరా మమ్మల్నీ ఎక్కించుకుని పోయిన మొదటి ప్రయాణంలోనే మంచం కిందినుంచి గుప్పున పెట్రోలు వాసన. పాత గొట్టాలు చీకిపోయి ఉంటాయి. చిన్నమ్మ అవస్థ చెప్పనక్కర్లేదు. తర్వాతి ప్రయాణానికి వాసన మాయమైంది. ఎట్లా పోయిందని ఎవరం అడగలేదు.

వాసన పోయింది గాని, బండి ఆగడం మొదలైంది. సాగర్ రోడ్డు మీద కొంత దూరం హాయిగా పోయి, ఉక్కిరిబిక్కిరై నిలబడిపోయేది. "గల్లీల అందరి కండ్లు దీని మీదనే. దిష్టి కాకపోతే ఇంకేంది?" అనేది చిన్నమ్మ. దిగి, నిమ్మకాయ బండి చుట్టూ తిప్పి చక్రం కింద పెట్టేది. ఆ తర్వాత తాళం తిప్పితే బండి బుద్ధిగా కదిలేది! మా కళ్లతో చూశాం, నమ్మక ఏం చేస్తాం? నిమ్మకాయల సంచి లేకుండా ఆ బండి గేటు దాటేది కాదు. ఆమె దిష్టి తీస్తున్నంతసేపూ చిన్నాయన బండి వెనకాల ఉండేవాడు. ఏం చేస్తున్నావంటే "దిష్టి తీసేటప్పుడు ఎదురుంగ నిలవడొద్దురా" అనేవాడు. అటువైపునుంచి సుయ్యిమని ఒక శబ్దం వచ్చేది. టాంకు మూత తిప్పి లోపలికి గాలి పోనిస్తున్నాడని ఇన్నేళ్ల తర్వాత, ఆ గొట్టం ముక్క చేతిలో పట్టుకున్నాక అర్థమైంది. కారణం తెలిసినవాడు గొట్టాలు ఎందుకు సరిచేయలేదో మరి. మళ్లీ వాసన వస్తుందని భయమో, నిమ్మకాయ పరువు పోతుందనో. అడుగుదామంటే ఆయన లేడు.

కొత్త గొట్టాలు తెచ్చి, దేని మూతికి దాన్ని తొడిగి బయటికి వదిలాను. ఇంజను పని ముందే అయిపోయింది. బండి స్టార్టయ్యేసరికి మాస్టారు మీసం తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయారు. చిన్నమ్మ పిలవకుండానే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. కొంగున నిమ్మకాయ ఉంది. ఎల్బీ నగర్ దాటాం, కొత్తపేట దాటాం. సిగ్నల్ దాటినప్పుడల్లా ఆమె నావైపు చూసేది.

"ఆగుతలేదేందిరా?"

"గొట్టాలు మంచిగ జేసిన చిన్నమ్మా."

"మంచిగైంది" అని కొంగుముడి సవరించుకుంది. ఆ గొంతులో సంతోషం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లరు పక్కకు తీసి, ఇంజను ఆపేశాను.

"ఆగింది చిన్నమ్మా. జర చూడు."

ఆమె నన్నొక క్షణం చూసి, దిగి, నిమ్మకాయ తిప్పడం మొదలుపెట్టింది. నేను వెనక్కి వెళ్లి టాంకు మూత తిప్పాను. ఏ శబ్దమూ రాలేదు. ఆమె వంగి చక్రం కింద నిమ్మకాయ పెడుతూ అంది: "మీ చిన్నాయన గూడ గట్లనే మూత తిప్పెటోడు. నాకు ఎర్కలేదనుకునేటోడు, పాపం."

వెనక హారన్లు మొదలయ్యాయి. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గాని, మధ్యమధ్య ఆపి మూత తిప్పేవాళ్లు లేకపోతే అది మాత్రం ఎంత దూరం పోగలదు?