సోమక్క కుక్క, మంగి కోళ్లు

మద్దేడ్ దాటాక రోడ్డు వారనున్న ఊళ్లో సోమక్కది కూలి బతుకు. ఏటా మిరపకాయ కోతలకు గోదావరి దాటి వెళ్లొస్తుంది. లేమికి ఏనాడూ ఏడవలేదు గానీ, పక్కింటి మంగికి తనకంటే పిసరంత ఎక్కువుంటే మాత్రం ఆవిడకు అన్నం సయించదు. మంగి పాదుకు నాలుగు కాయలు ఎక్కువ కాస్తే ఆ పూట సోమక్క ఇంట్లో గిన్నెలు చప్పుడవుతాయి. అలాంటిది, మంగి కుక్క కోడిపిల్లల మధ్య కాళ్లు చాపుకుని నిద్రపోతుంటే కడుపు ఎంత మండాలి?

సోమక్క కుక్క చింటూ అప్పటికే సొంతింటి కోడిపిల్లల్నే రెండింటిని నోట కరుచుకుపోయింది మరి. కళ్లు తెరవకముందే తెచ్చి, మేకపాలు పట్టి పెంచుకున్న కుక్క. అందరూ చేసేదే సోమక్కా చేసింది. చచ్చిన పిల్లను దాని మెడకు కట్టి, చీపురుతో నాలుగు వడ్డించింది. చింటూకు బుద్ధి రాలేదు సరికదా, సోమక్క చెయ్యెత్తితే చాలు, నీళ్ల గాబు వెనక నక్కడం అలవాటైంది.

"ఇంకొక్క పిల్ల పోయిందంటే దీన్ని అంగట్ల ఇడిసిపెట్టొస్త," అన్నాడు మొగుడు రామనర్సయ్య.

ఒక పొద్దున చూస్తే చింటూ కంచె దగ్గర బుద్ధిగా కూర్చుంది. అవతల మంగి ఒడిలో కోడిపెట్ట. కుక్క ఆ కోడిని గుడ్లప్పగించి చూసినంతసేపూ మంగి కదలదు. అది చూపు తిప్పి తన మొహంలోకి చూస్తే మాత్రం, కంచె సందులోంచి ఎండుచేప ముక్క అందిస్తుంది.

"ఏందే మంగీ, నా కుక్కకు మందు పెడ్తున్నవా?"

"మందేంది అక్కా! పది రోజుల సంది నేర్పుతున్న. ఇంకో పది రోజులు తాడు కట్టి కోళ్ల నడుమ తిప్పితే ఇగ ముట్టదు. నువ్వు కొట్టకు, అంతే."

పది రోజులా! తనను చూసి నక్కే కుక్క, ఆ మంగి చేతిలో తింటోందా? సోమక్క చింటూను మెడ పట్టి ఈడ్చుకొచ్చి, కంచె సందులన్నీ ముళ్లకంపతో మూసేసింది.

నాలుగో రోజే చింటూ మూడో పిల్లను పట్టింది. రామనర్సయ్య తాడు తీశాడు. మంగి పరుగున వచ్చింది.

"నాకియ్యి అన్నా, నేను సాదుకుంట."

"నీకా? నీకిచ్చుడుకన్న అడవిల తోలుడు నయం!" అంది సోమక్క. నోరు జారిన మాటేం కాదు, మనసులో ఉన్నదే. రామనర్సయ్య చింటూను బండి మీద తీసుకెళ్లి, అంగట్లో ఎవరికో అప్పజెప్పి వచ్చాడు.

రెండు రోజులు సోమక్కకు ముద్ద దిగలేదు. మూడో రోజు మంగి వాకిట్లోంచి మొరుగు వినిపించింది. ఎరిగిన గొంతే. సోమక్క ముళ్లకంప పక్కకు లాగి, ఆ సందులోంచే అవతలికి దూరింది.

చింటూ! ఒళ్లంతా బురద, మెడకు తెగిన తాడు. ఆ తాడు కొస పట్టుకుని మంగి కూర్చుంది. రోడ్డు మీంచి వస్తే ముందు తగిలేది సోమక్క ఇల్లే. అది దాటి వచ్చింది కుక్క.

"నీ కుక్కే అక్కా, తీస్కపో," అంది మంగి.

సోమక్క చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూడగానే చింటూ మంగి వెనక్కి జరిగింది.

"కొట్టనురా," అంది సోమక్క, కళ్లనీళ్లతో. చింటూ తోక ఊపింది గానీ రాలేదు.



"నీ తాననే ఉండనియ్యి," అంది సోమక్క చివరికి మంగితో. కుళ్లు పోయి అన్న మాట కాదు. అది అంటున్నప్పుడు కూడా కడుపు భగభగ మండుతూనే ఉంది.