పసుపు వేళ్ళకు ఎర్ర రంగు

రాయి నెత్తురు కారుస్తోందని జనాన్ని మోసం చేసిందంటూ, బెళుగుప్ప వైపు ఒక ఆడమనిషి ఫోటో తిరిగింది. ఎర్రటి వేళ్ళ ఫోటో. దాన్ని మీరు ఎంతమందికి పంపారు?

ఆ వేళ్ళు ఎర్రవి కావు. ఎర్రగా చేసింది నేను. ఇన్నేళ్ళుగా ఏ సభలో మైకు పట్టుకున్నా ఆ వేళ్ళు నా గొంతు మీదే ఉన్నట్టుండేది.

ఆమె పేరు హనుమక్క. కొండ వాలులో ఎవరిదో చీనీ తోట, అదే బత్తాయి తోట, దాని కింద ఈమె వేరుశనగ చేను. చేని గట్టున ఉన్న బండ మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే దీపం పెట్టింది. జనం బండ్లు కట్టుకుని వచ్చారు. దొంగ స్వాముల గుట్టు విప్పే మా సంఘం తరఫున నేనూ పోయాను. పసుపునీళ్ళలో సున్నం కలిపితే నెత్తురులా మారుతుంది. ఆ కిటుకు నేనే ఎన్నో బడుల్లో చేసి చూపించాను. ఇదీ అదేనని బండ దగ్గరికి పోకముందే తేల్చేశాను. ఆమెను ఫోటో తీశాను. వేళ్ళకు పసుపు ఉంది. ఎరుపు లేదు.

ఇంటికొచ్చి ఫోటోను కంప్యూటర్లో తెరిచాను. అందులో రంగును బట్టి ఎంచుకునే పనిముట్టు ఒకటి ఉంటుంది. ఒక చోట నొక్కితే, బొమ్మలో ఆ రంగు ఎక్కడెక్కడ ఉందో వెతికి, చుట్టూ చుక్కల గీత గీస్తుంది. వేలి మీద నొక్కాను. వేళ్ళతో పాటు ఆమె మెడలోని పసుపుతాడు చుట్టూ కూడా గీత కదిలింది. యంత్రానికి రంగే తెలుసు, మనిషి తెలియదు. తాడును ఎంపికలోంచి తీసేశాను. వేళ్ళను మాత్రం ఉంచి ఎరుపులోకి తిప్పాను.

తొందరపాటు అందామా? నాకు నేను ఆ మాటే చెప్పుకుంటూ వచ్చాను. మరి తాడును ఎందుకు వదిలాను? అది కూడా ఎర్రబడితే దొరికిపోతానని. తెలిసి చేసినవాడే అంత జాగ్రత్తపడతాడు. రుజువేదని ఊరూరా నిలదీసినవాణ్ణి, రుజువు దొరక్కపోతే తయారు చేసుకున్నాను, దానికి మూఢనమ్మకాల మీద పోరాటమని పేరు కూడా పెట్టుకున్నాను.

ఫోటోను ఫోన్లలో పంచాం, పెద్దది చేసి బస్టాండులో కూడా అతికించాం. హనుమక్క వచ్చి నన్ను అక్కడే నిలేసింది.

"ఏమప్పా, నా ఏళ్ళు ఎర్రగా యాడుండాయి? గడపకు పసుపు పూసి వచ్చినా గదా ఆ పొద్దు!"

"ఫోటో అబద్ధం చెప్తుందా అమ్మా?"

"ఫోటోకు నోరు యాడిది? నువ్వు చెప్పు."

జనం నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాతెప్పుడో ఆ బండ వెనక్కి ఎక్కి చూశాను. చీనీ తోట డ్రిప్పు పైపు పగిలి, ఎర్రమట్టి నీళ్ళు బండ చీలికలోంచి చెమరుస్తున్నాయి. అంతే. ముందే ఎక్కి చూపించి ఉంటే మహిమా పోయేది, ఆమె పరువూ నిలిచేది. రాయికి మహిమ లేదన్న మాట మీద ఈ రోజుకూ నిలబడతాను. హనుమక్క మోసగత్తె అన్న మాట మీద నిలబడలేను.

ఆమెకు పోయిందేమిటి? మా వైపు పెళ్ళిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. ముత్తైదువలే దంచాలన్న పట్టింపుతో నాకు పేచీ ఉంది, అది వేరే సంగతి. ఆ ఊళ్ళో ఏ పెళ్ళికైనా రోకటి పాట ఎత్తుకునేది హనుమక్కే. ఫోటో తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. "ఆయమ్మ చెయ్యి పడితే పసుపు ఎర్రగయితాది" అని ఇప్పటికీ నవ్వుకుంటారట.

మొన్న పోయి ఆమెకు అంతా చెప్పాను. వేరుశనగ కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తాండావు? నా ఏళ్ళ రంగు నాకు తెలీదా? నవ్వినోళ్ళకు చెప్పు పో."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అయినా తిరుగు బస్సులో, కిటికీలోంచి వేడిగాలి కొడుతున్నా, చాలాకాలానికి హాయిగా కునుకు పట్టింది. చెప్పాల్సిన మాట చెప్పినవాడి కునుకు అది.

ఇప్పుడు మీకు చెప్తున్నాను. అసలు ఫోటో ఈ పేజీలోనే ఉంది. వేళ్ళు చూడండి. ఎర్రవేళ్ళ ఫోటో ఎవరెవరికి పంపారో, వాళ్ళందరికీ దీన్ని పంపండి. మీ ఇంట్లో పెళ్ళి ఉంటే హనుమక్క గడపకు పోయి పిలవండి. మొదటి రోకలి ఆమె చేతికివ్వండి.