ఫాతిమాబీ పెరట్లో పేరు లేని మొక్క

మా పక్కింటి ఫాతిమాబీని వీధిలో అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆమె మీద రోజుకో కోపం. నేను మిషను ముందు కూర్చుని జాకెట్టుకు చేతులు అతుకుతుంటే, గోడ మీదుగా తొంగిచూసి, "ఏమ్మే హెప్సిబా, ఆ చెయ్యి వంకరబోతాంది చూడు" అంటుంది. చూస్తే నిజంగానే వంకరపోయి ఉంటుంది. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె పుట్టింది అర్ధవీడులో. పెళ్లి చేసుకుని మార్కాపురం వచ్చి పలకల కార్ఖానాలో చేరింది. పలకరాయిని నున్నగా అరగదీసే పని. భర్త యాకూబన్న అదే కార్ఖానాలో పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. ఆయన పోయాడు, కార్ఖానా మూతపడింది, ఫాతిమాబీ అరచేతులు మాత్రం ఇప్పటికీ గరుకుగానే ఉన్నాయి. కొడుకు నయీమ్ ఆటో నడుపుతాడు. కోడలు అఫ్సానా వెలిగండ్ల పిల్ల. మనవరాలు ముబాషిరా ఇంటర్ చదువుతోంది.

మా వీధిలో గునపం వేస్తే టంగుమంటుంది. కింద ఉన్నది మన్ను కాదు, కార్ఖానాల నుంచి తెచ్చిపోసిన పలకముక్కలు. వాటి మీద వేపచెట్టు కూడా ఏడుస్తూ పెరుగుతుంది. ఫాతిమాబీ మాత్రం అర్ధవీడు పోయినప్పుడల్లా వాళ్ల నాయన చేలోంచి ఒక సంచి మన్ను బస్సులో వేసుకొచ్చేది. కండక్టరుతో ప్రతిసారీ గొడవే. చుట్టాలింటికి పోయి ఎవరైనా జొన్నలు తెచ్చుకుంటారు, కందులు తెచ్చుకుంటారు, ఈమె మన్ను తెచ్చుకునేది. ఆ చేను చేతులు మారాక కూడా గట్టు మీదినుంచి అడిగి తెచ్చింది. అట్లా కొళాయి పక్కన మంచమంత జాగా నల్లటి మట్టితో నిండింది.

ఆ జాగా మీదే నయీమ్ కన్ను పడింది. వెనక పెరడంతా సిమెంటు వేయించి ఆటో లోపల పెట్టుకోవాలని వాడి ఆశ. వాషింగ్ మిషనుకు ఒక గట్టు కట్టించాలని అఫ్సానా ఆశ. పాపం, వాళ్లదీ తప్పనలేం. వానొస్తే ఆ బురద ఇల్లంతా తిరుగుతుంది, పైగా ఒకసారి కొళాయి దగ్గర తేలు కూడా కనిపించింది.

సరిగ్గా అప్పుడే, తొలి వానలకు, ఆ మట్టిలోంచి ఒక మొక్క లేచింది. చుట్టచుట్టుకొని వచ్చి, విచ్చుకున్నాక మూరెడు పొడుగు ఆకులు. ఎక్కడో కేరళ వైపు తోటల్లో ఉండాల్సినంత పచ్చగా ఉంది. ఈ ఎండల ఊళ్లో అంత పచ్చదనం చూస్తే నాకే అనుమానం వచ్చింది.

"ఏందిమా ఇది?" అన్నాడు నయీమ్.

"నాకేం తెలుసు నాయనా. పేరు తెలీకుండా పాణమున్న దాన్ని పీకితే ఎట్ల? ఏ మందుచెట్టో ఏందో."

నయీమ్ మెత్తనివాడు. "సరే, పేరు తెలిసినదాకా ఆగుతా. తెలిసిన రోజే సిమెంటు. మంచి మొక్కయితే కుండీలో పెట్టుకో" అన్నాడు. తల్లి వెంటనే ఒప్పుకుంది. అంత తొందరగా ఆమె దేనికీ ఒప్పుకోదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మా ఊళ్లో విరిగిన పలక లేని ఇల్లుండదు. ఇంటి నంబరు దాని మీదే, 'ఈరోజు పాలు వద్దు' అని రాసి గడప దగ్గర పెట్టేదీ దాని మీదే. ఫాతిమాబీ కూడా ఒక పలకను మొక్క పక్కన మట్టిలో గుచ్చి, బలపం ముక్క పక్కన పెట్టింది. వచ్చినవాళ్లు తమకు తోచిన పేరు రాయాలి.

పాలు పోసే కృష్ణయ్య 'అరటి' అని రాశాడు. "అరటైతే ఈపాటికి నా నడుముదాకా వచ్చేది కాదా?" అని ఫాతిమాబీ తడిచేత్తో తుడిచేసింది. ఎదురింటి సుబ్బులమ్మ 'పసుపు' అంది. "పసుపు నేను చూడంది ఏంది?" అని అదీ తుడిచేసింది. నేను మెట్టతామర అన్నాను. నా మాట పలక దాకా కూడా పోనివ్వలేదు. ముబాషిరా ఫోనులో ఫోటో తీసింది. ఫోను ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పింది. "నీ ఫోనుకే నిలకడ లేదు, నాకేం చెప్తాది" అని ముసలామె నవ్వింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పేది: ఎవరూ ఆకు తాకకూడదు, దురద పుడుతుంది. "మరి నువ్వు తాకుతావే అక్కా?" అని నేనంటే, "రాయి పట్టిన చేతులమ్మే ఇవి. వీటికి దురదేంది?" అనేది. మేమంతా తలలూపి దూరంగా నిలబడేవాళ్లం. వానాకాలం అట్లాగే గడిచిపోయింది. సిమెంటు మాట ఎత్తినప్పుడల్లా నయీమ్ పలక వైపు చూసి ఊరుకునేవాడు.

చలి ముదిరేసరికి మొక్క పసుపుబారింది. సంక్రాంతి దాటాక ఆకులన్నీ ఎండి నేల మీద వాలిపోయాయి. "చచ్చిపోయినదానికి పేరెందుకుమా" అని నయీమ్ మరునాడే బేల్దారి మేస్త్రిని పిలిపించాడు. పొద్దున్నే ఇసుక, సిమెంటు కలుపుతున్న చప్పుడు విని నేనూ గోడ దగ్గరికి పోయాను. ఫాతిమాబీ మొహం చూశాను. ఆమెతో ఎన్ని తగవులు పడ్డానో, ఆ నిమిషంలో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆమె కొడవలి మొనతో ఆ ఎండిన మొక్క మొదట్లో తవ్వి, అల్లంలాంటి దుంపలు బయటికి తీసింది. కొళాయి కింద కడిగి, చెక్కు గీరి, సన్నగా తరిగి, ఉప్పూ కారం చల్లి పళ్లెం కొడుకు ముందు పెట్టింది.

నయీమ్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లు పెద్దవి చేశాడు. "మామిడికాయ! ఈ కాలంలో పచ్చి మామిడికాయ యాడిదిమా?"

అప్పటికే ఆ వాసన నా దాకా వచ్చింది. నోట్లో నీళ్లూరాయి.

"మామిడల్లం," అంది ఫాతిమాబీ. "గిద్దలూరులో మా అక్క ఇంటికాడినుంచి కొంగున ముడేసుకొచ్చి నేనే పెట్టినా. పేరు తెలిసింది గదా, ఇంక పోసుకో నాయనా సిమెంటు."

అఫ్సానా నడుం మీద చేయి వేసుకుంది. "అంటే నీకు మొదట్నించీ తెలుసా అత్తా?"

"ఆకు నలిపితే ఇదే వాసన. అందుకే తాకనీలేదు."

"మరి చెప్పొచ్చు గదా!"

"చెప్పింటే ఆ రోజే కుండీలోకి ఎక్కిచ్చేవాళ్లు." ఆమె ఆ మట్టిని అరచేత్తో చదును చేసింది. "నా బతుకంతా రాతి మీదే కూర్చున్నానమ్మే. ఈ ఇంట్లో మా నాయన చేను ఇంతే ఉంది. దీని మీద కాలు పెడితే ఆయన కనపడతాడు. ఇంకొక్క వానాకాలం చూద్దామనుకున్నా, అంతే."

మేస్త్రి పార ఆపి నిలబడ్డాడు. నయీమ్ పళ్లెంలో ముక్కలు ఒక్కొక్కటే తిన్నాడు. చివరికి, "అన్నా, ఆ మంచమంత జాగా వదిలేసి మిగతాదంతా వెయ్యి" అన్నాడు మేస్త్రితో. తర్వాత తల్లితో, "మట్టిలో ఉన్న దుంపలు అయిపోయినదాకానే మా. ఆ తర్వాత మాత్రం నా మాట వినాల" అన్నాడు. ఆమె తలూపింది. ఆ పూటే పలక పీకి గోడకు ఆనించింది.

దుంపలు ఎన్నాళ్లుంటాయి? కొన్ని పచ్చడైపోయాయి, కొన్ని మా ఇంటికొచ్చాయి. బాగుందని నేను ఆమెతో అనలేదు, కానీ గిన్నె నాకి పంపించాను. మట్టి మళ్లీ ఖాళీ అయింది. ఫాతిమాబీ ఇచ్చిన మాటకు కట్టుబడి, దాని జోలికి పోకుండా అరుగు మీద కూర్చునేది. అట్లా కూర్చున్న ఆమెను చూడటం కంటే ఆమెతో తగవు పడటమే నయం.

మొన్న నయీమ్ ఆటో తుడుస్తూ, "ఇంక మేస్త్రిని రమ్మంటా" అన్నాడు. ఫాతిమాబీ తలెత్తలేదు.

కొళాయి దగ్గర బట్టలు జాడిస్తున్న అఫ్సానా చేతులు తుడుచుకుని లేచింది. గోడకు ఆనించిన పలకను తెచ్చి మళ్లీ మట్టిలో గుచ్చింది. "ఆగు. ఏందో మొలిచినట్లుంది ఈడ" అంది.

నయీమ్ వంగి చూశాడు. "ఏంది మొక్క?"

"తెలీదు. పేరు తెలిసినాక చూద్దాం."

ముసలామె కోడలి మొహంలోకి చూసింది. అఫ్సానా నవ్వలేదు, కొంగు సర్దుకుని మళ్లీ బట్టల దగ్గరికి పోయింది.

గోడకు ఇవతల ఉన్న నాకే ఆ లేత ఆకుల నుంచి కొత్తిమీర వాసన గుప్పున కొడుతోంది. నయీమ్ నా వైపు తిరిగి, "అక్కా, నీకేమన్నా తెలుసా?" అన్నాడు.

"నాకేం తెలుసు నాయనా" అని మిషను తొక్కాను.