పిన్ని క్యాలెండర్‌లో గురువారం

మా పిన్ని పోయింది. బుధవారం పొద్దున నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా బాబాయి ఫోన్ చేసి "అయిపోయిందమ్మా" అన్నాడు. సోమవారం సరుకులు కొంటూ షాపులోనే కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుని, లేచి కూర్చుంటుందనే అనుకున్నాం. నేను ఆ రోజు ఆఫీసుకు వెళ్లింది కూడా ఆ నమ్మకంతోనే.

బెంటన్‌విల్‌లో ఉన్న తెలుగువాళ్లలో ఆమె కారెక్కనివాళ్లు తక్కువ. ఈ ఊళ్లో కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా ఇంటికి రాదు. పిన్ని డిపెండెంట్ వీసా మీద వచ్చింది, ఉద్యోగం చేయడానికి వీల్లేదు, డ్రైవింగ్ రాదు. బాబాయి పెద్ద రిటైల్ కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టరు. పొద్దున పోతే సాయంత్రమే రావడం. ఆ మొదటి ఏడాదంతా కిటికీ దగ్గర కూర్చుని ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తారేమోనని చూసేదట. "కారు కోసం ఎదురుచూడటమంత హీనమైన పని ఇంకోటి లేదే" అనేది. లైసెన్సు చేతికి వచ్చాక ఇక ఎవర్నీ ఎదురుచూడనివ్వలేదు. ఎయిర్‌పోర్టుకు, పంటి డాక్టరు దగ్గరికి, పిల్లల స్విమ్మింగుకు, కొత్తగా వచ్చిన స్టూడెంట్లను బ్యాంకుకు, ఎవరికి ఏ పని పడ్డా పిన్నే.

ఇన్ని పనులు గుర్తుపెట్టుకోవడానికి ఆమెకు క్యాలెండర్ కావాల్సి వచ్చింది. కంప్యూటర్‌లో పెడితే ఫోన్‌లో కనబడాలి, ఫోన్‌లో మారిస్తే బాబాయి ఫోన్‌లోనూ మారాలి, వంటింటి టాబ్లెట్‌లో మోగాలి. అన్నీ కలిపింది నేనే. "అందరికీ వేరువేరు అకౌంట్లు పెట్టి, క్యాలెండర్ షేర్ చేద్దాం పిన్నీ" అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. "ఒకే కప్పు కింద ఉండి వేరు అకౌంట్లేంటే, వేరు కాపురం లాగా" అంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఈమెయిల్, ఒకటే పాస్‌వర్డ్. మన ఇళ్లలో ఇది మామూలే, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. బాబాయి ఆఫీసులో డేటాబేస్‌లకు బ్యాకప్‌లు తీసే మనిషి. ఆయనా నోరెత్తలేదు.

ఇక ఆమె కాంటాక్టుల సంగతి. పిన్ని ఎవరి పేరూ ఉన్నది ఉన్నట్టు రాయదు. కుక్క ఉన్న పద్మ, కుక్క లేని పద్మ, ఉప్మా ఆంటీ, వీసా రాని కిరణ్. వీసా వచ్చినా కిరణ్ పేరు అలాగే ఉండిపోయింది. నేను 'తొందర'ని. నాకు ఓపిక తక్కువని ఆమె నమ్మకం, అబద్ధమూ కాదు. ఇవన్నీ సింక్ అయి బాబాయి ఫోన్‌లోకీ పోయేవి. ఒకసారి మీటింగ్‌లో ఆయన ఫోన్ పెద్ద స్క్రీన్‌కి తగిలించి ఏదో చూపిస్తుండగా బయటి నుంచి ఆయన మేనేజర్ ఫోన్ చేశాడు. స్క్రీన్ నిండా 'తిక్క మేనేజర్' అని పడింది. తెలుగు అక్షరాలు కాబట్టి బాబాయి బతికిపోయాడు. గదిలో ఉన్న ముగ్గురు తెలుగువాళ్లు మాత్రం దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయారట. ఇంటికొచ్చి కేకలేస్తే పిన్ని ఏమాత్రం తగ్గలేదు. "నువ్వు రోజూ అనే మాటేగా, నేను రాసుకున్నా."

నా ప్రాజెక్టు ఆగిపోయి, వీసా గడువు నెత్తిన కూర్చున్న రోజుల్లో నేను గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఒకరోజు నా ఫోన్‌కి ఇన్విటేషన్ వచ్చింది. 'టీ. పిన్ని ఇల్లు. సాయంత్రం నాలుగు. ప్రతిరోజూ.' విసుగ్గా డిక్లైన్ నొక్కాను. నిమిషంలో ఫోన్.

"డిక్లైన్ ఏంటే? టీకి ఎవరన్నా డిక్లైన్ కొడతారా?"

"మూడ్ లేదు పిన్నీ."

"మూడ్ నా ఇంట్లో ఉంది. కారు తాళం తీసుకుని రా."

వెళ్లాను. ఉద్యోగం దొరికేదాకా రోజూ వెళ్లాను. ఒక్కరోజు కూడా వీసా ఏమైందని అడగలేదు. పల్లీలు వేయించి ముందు పెట్టి, తన గొడవలేవో చెప్పుకుంటూ కూర్చునేది. ఆ సాయంత్రాలు లేకపోతే నేనేమయ్యేదాన్నో నాకు తెలియదు.

ఆమె పోయిన సాయంత్రం ఇంటినిండా జనం. హఠాత్తుగా ఇల్లంతా ఒక్కసారి మోగింది. పిన్ని ఫోన్, బాబాయి ఫోన్, కంప్యూటర్, వంటింటి టాబ్లెట్ అన్నీ కలిసి. 'ఆయనకు బీపీ మాత్ర.' బాబాయి లేచి మాత్ర వేసుకుని వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి మళ్లీ మోగింది, 'చిన్నదానికి ఫోన్ చెయ్యాలి' అని. చిన్నదంటే వాళ్లమ్మాయి, నా చెల్లి. డాలస్‌లో చదువుకుంటోంది. అప్పుడు తల్లి ఫోన్ పట్టుకుని సోఫాలోనే కూర్చుని ఉంది. ఆ మోత ఎవరికైనా భరించడం కష్టమే.

మర్నాడు గురువారం. వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తుండగా చెల్లి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, థర్స్‌డే కదా. అమ్మ థర్స్‌డే ఎవర్నో డయాలసిస్‌కి తీసుకెళ్తది. వాళ్లకి ఎవరు చెప్పారు?"

బాబాయిని అడిగాను.

"ఎవరో పెద్దాయన. తెల్లాయన. లైబ్రరీలో పరిచయమంది. ఇల్లెక్కడో నాకు తెలీదమ్మా. క్యాలెండర్‌లో ఉంటుంది చూడు."

ఆయన ఫోన్ తీశాను. క్యాలెండర్ ఖాళీగా ఉంది. ఈ వారం లేదు, పోయిన వారం లేదు, ఏమీ లేదు. కంప్యూటర్‌లో చూశాను, అక్కడా లేదు. నేను తల తిప్పేసరికి బాబాయి మొహం పాలిపోయి ఉంది.

"నిన్న సాయంత్రం అది మళ్లీ మళ్లీ మోగుతుంటే... నేనే తీసేశానమ్మా. కంప్యూటర్‌లో క్యాలెండర్ మొత్తానికే డిలీట్ కొట్టాను. ఒక్క కంప్యూటర్‌లోనే..."

ఒక్క కంప్యూటర్‌లో పోవడమంటూ ఉండదు. ఒకచోట రాస్తే అన్నిచోట్లా కనబడాలని కదా కలిపాం, చెరిపినా అంతే. నాలుగు తెరల మీదా పిన్ని రోజులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇంకెప్పుడైనా అయితే బాబాయి మీద అరిచేదాన్ని. ఆ పూట మాత్రం కాంటాక్టులు తెరిచాను.

కాంటాక్టుల్లో 'పెద్దాయన' దొరికాడు. నంబరొకటే, అడ్రసు లేదు. చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. ఊళ్లోని డయాలసిస్ సెంటర్‌కి చేస్తే, పేషెంట్ల వివరాలు చెప్పబోమంది ఒకమ్మాయి. పేరు చెప్పమంది. పేరు తెలిస్తే ఆమెతో పనేముంది? మా ఆఫీసులో ఒకతని తండ్రి డయాలసిస్ తప్పి ఆసుపత్రిలో పడటం నేను చూశాను. కాళ్లు ఉబ్బి, ఊపిరి అందక. ఎక్కడో ఒక ముసలాయన తయారై కారు కోసం చూస్తుంటాడు, ఆ కారు రాదు. మా ఇంట్లో జరిగింది ఆయనకు చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన మన వాట్సాప్ గ్రూపుల్లో ఉండే మనిషి కాదు కదా.

"కార్‌లో ఓల్డ్ టాబ్లెట్ ఉంటది కదా?" అంది చెల్లి.

పెద్ద అక్షరాలు కనబడతాయని పిన్ని ఆ పాత టాబ్లెట్‌ని కారు తలుపు అరలో పెట్టుకునేది. నేను గరాజ్‌లోకి పరిగెత్తి పట్టుకొచ్చాను. చార్జింగ్ లేక చచ్చి ఉంది. ఇంట్లోకి అడుగు పెట్టబోతుంటే బాబాయి గట్టిగా అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

"లోపలికి తేకు! అది ఆదివారమే ఆఫ్ అయిందని మీ పిన్ని అంది. నేను చేసిన డిలీట్ దానికింకా తెలీదు. వెలిగాక వైఫై తగిలిందంటే అదీ పోతుంది!"

నిజమే, నాకు తట్టలేదు. ఆయన అప్పటికే గోడ దగ్గరికి పోయి రౌటర్ వైరు పీకేశాడు.

"పక్కింటి వైఫై కూడా దానికి తెలుసు, మీ పిన్ని వాళ్లింట్లో కూర్చుని వాడేది. దూరంగా తీసుకుపోండి. మొదట ఎయిర్‌ప్లేన్ మోడ్, తర్వాతే ఏదైనా."

చెల్లి, నేను పిన్ని కారులోనే బయల్దేరాం. టాబ్లెట్‌ని కారు చార్జర్‌కి తగిలించి ఇళ్లు దాటి పోనిచ్చాను. ఒక పక్క ఆవులు మేస్తున్న పచ్చిక, ఇంకో పక్క ఖాళీ స్థలం వచ్చాక రోడ్డు వారగా ఆపాను. టాబ్లెట్ మీద ఎర్రగా సన్నటి గీత. వెలగాలంటే ఇంకాస్త ఎక్కాలి. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. పొయ్యి మీద పాల దగ్గర కాపలా ఉన్నట్టుంది. అప్పుడు చెల్లి చేతిలో ఉన్నది నా కంటబడింది, పిన్ని ఫోన్. దాని హాట్‌స్పాట్ మీదే ఈ టాబ్లెట్ రోజూ నడిచేది.

"ఆ ఫోన్ ఆఫ్ చెయ్యి! త్వరగా!"

"నో. అమ్మ ఫోన్ నేను ఆఫ్ చెయ్యను."

"అది కలిసిందంటే అంతా పోతుందే!"

"ఆఫ్ చెయ్యను అక్కా! ప్లీజ్." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడతా. అది ఓకే కదా? ఆన్‌లోనే ఉంటది కదా?"

ఓకే అన్నాను. చెల్లి వేలితో నొక్కి, ఫోన్‌ని మళ్లీ గుండెకు పెట్టుకుంది.

టాబ్లెట్ వెలిగింది. తెర పూర్తిగా రాకముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కేశాను. తొందరలో మొదటిసారి గురి తప్పింది కూడా. పైన 'నెట్‌వర్క్ లేదు' అని వచ్చింది. ఆ మాట చదివి అంత సంతోషించిన మనిషి ఈ దేశంలో ఇంకొకరు ఉండరు. క్యాలెండర్ తెరిచాను. ఉంది. అంతా ఉంది. ఆదివారం పిన్ని వదిలిపెట్టినట్టే వారమంతా నిండుగా ఉంది. మంగళవారం కుక్క లేని పద్మకు ఎయిర్‌పోర్టు. శనివారం గడిలో 'పెసలు నానబెట్టు, చిన్నది వస్తుంది' అని ఉంది. ఆ శనివారానికి మేము అంత్యక్రియలు ఖాయం చేసుకుని వచ్చాం. చెల్లి అది చదివి కిటికీ వైపు తిరిగింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే గురువారం మీద వేలు పెట్టాను. 'పెద్దాయన, డయాలసిస్. పదిన్నరకి ఇంటి దగ్గర ఉండాలి. తొందరపెట్టకూడదు, మెట్లు దిగడం కష్టం.' కింద అడ్రసు.

పదీ ఇరవై అయింది. ఊరికి అవతలి వైపు. నేనెలా నడిపానో అడగకండి, పిన్ని పక్కన ఉంటే కారు ఆపి దిగిపోయేది. చెల్లి తన ఫోన్‌లోంచి ఆయన నంబరుకు చేస్తూనే ఉంది, ఆయన ఎత్తడం లేదు. ఇద్దరం ఒకటే మాట అనుకుంటూ పోయాం, ఆలస్యం కాకూడదు, ఆలస్యం కాకూడదు.

ఆ పూట ఆయనకు డయాలసిస్ అందింది, మీరు కంగారుపడకుండా ముందే చెప్పేస్తున్నాను. వారంలో మిగతా రోజులకు ఆయనకు వేరేవాళ్లున్నారట, ఇప్పుడు గురువారాలు నేను తీసుకెళ్తున్నాను. ఆఫీసులో చెప్పి ఆ పూటకు సెలవు పెట్టుకున్నాను. మెల్లగా నడుపుతున్నాను కూడా. పిన్ని ఇరవై ఏళ్లు చేసినదాంట్లో నాకు చేతనైంది ఇంత.

కానీ ఆ రోజు మేము ఆ వీధి మలుపు తిరిగేసరికి ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, ఒడిలో చిన్న సంచి. అందుకే లోపల మోగుతున్న ఫోన్ వినపడలేదు. సమయానికి చేరామని ఊపిరి పీల్చుకున్నాక గానీ, ఆయనకు ఏం చెప్పాలో దారిలో ఒక్కసారి కూడా అనుకోలేదని మా ఇద్దరికీ తట్టలేదు. కారు ఇంటి ముందు ఆగింది. లోపల ఎవరున్నదీ ఎండ మెరుపుకు ఆయనకు కనబడటం లేదు. పిన్ని కారుని చూసి మొహమంతా విప్పారి, చెయ్యెత్తి ఊపి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ మా వైపు వస్తున్నాడు.