నీలిమందు పెట్టిన జెండా

మేము ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో సాయంత్రమయ్యేసరికి నా గొంతు బొంగురుపోయేది. అరిచి కాదు నాన్నలూ, మాట్లాడక. పొద్దున్న ఆరున్నర రైలుకి మీ తాతగారు సిటీకి వెళ్ళిపోతే, మళ్ళీ రాత్రి ఎనిమిదింటికి తలుపు దగ్గర తాళంచెవి చప్పుడయ్యేదాకా ఆ ఇంట్లో మనిషి మాట లేదు. "వచ్చారా?" అన్నదే చాలా రోజులు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట. అదీ సగం గాలే వచ్చేది.

మీ తాతగారిది పాతకాలపు కంప్యూటర్ చదువు. హైదరాబాదులో కరెంటు బిల్లులు వేసే ఆఫీసులో ఇరవై ఏళ్ళు కోబాల్ రాశారు. కుర్రవాళ్ళంతా కొత్త భాషలు నేర్చుకుని ఎగిరిపోతుంటే, ఈయన ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడని అందరూ నవ్వేవారు. అలాంటిది రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమక పడిపోతాయని లోకమంతా హడలిపోయినప్పుడు, ఆ పాత భాష వచ్చినవాళ్ళని వెతుక్కుంటూ వచ్చారు. అలా యాభై దగ్గరపడ్డాక ఆయనకి సిడ్నీలో ఉద్యోగం. మీ అమ్మ అప్పటికి ఇంజనీరింగ్ మధ్యలో ఉంది, హాస్టల్లో చేరింది. నేను ఆయన వెంట సిడ్నీ శివార్లలో ఉన్న బ్లాక్‌టౌన్ వచ్చాను. కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరుకీ ఏమీ కాలేదు. హమ్మయ్య, ఇంక వెళ్ళిపోవచ్చు అనుకున్నాను. ఈలోపు ఇక్కడ కొత్త పన్నొకటి వస్తోందని, దానికోసం ప్రోగ్రాములు మార్చాలని ఆయన్ని ఉండమన్నారు.

మేము అద్దెకున్నది ఒకే వరసలో ఉన్న నాలుగు చిన్న ఇళ్ళలో మొదటిది. నాలుగింటికీ కలిపి పెరట్లో ఒకటే దండెం. ఇక్కడి దండెం మీరు చూసిందేగా, ఇనప స్తంభం, పైన తిరగేసిన గొడుగులా తీగలు. చీర ఆరేస్తే గాలికి అది గిర్రున తిరిగేది. ఒకరోజు నా చీర వెళ్ళి ఎవరివో దుప్పట్లకి చుట్టుకుపోయింది. విడదీయడానికి మూడో ఇంట్లోంచి ఒక పెద్దావిడ వచ్చింది. పొట్టి మనిషి, ముగ్గుబుట్టలాంటి తల. చీర కొస కోసం లాగుతూ పోయింది, లాగుతూ పోయింది.

"ఇది అయిపోయేది ఉందా, లవ్?" అంది.

ఆ "లవ్" విని నేను బిత్తరపోయాను. ఆ రాత్రి మీ తాతగారితో చెబితే, "ఇక్కడ కూరగాయల కొట్టువాడు కూడా అంటాడే. పాతికేళ్ళ కాపురంలో నేను అనలేదని దెప్పుతున్నావా?" అన్నారు.

నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "అక్కా" అన్నాను. అంటే ఏమిటని అడిగింది, చెప్పాను. "నాకు చెల్లెళ్ళు లేరు. సరే," అంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమె ఇంగ్లీషు ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా గరుగ్గా ఉండేది. మాటలకి చేతి సైగలు కలుపుకుంటే సరిపోయేది.

అక్కా, ఆమె భర్తా చెకోస్లొవేకియా నుంచి వచ్చినవాళ్ళు. ఆయన చెక్, ఆమె స్లొవాక్. ఒకే దేశంలో రెండు జాతులు, పక్కపక్క భాషలు. ఊళ్ళోకి రష్యా ట్యాంకులు వచ్చిన ఏడాది ఇద్దరూ రెండు పెట్టెలతో పారిపోయి వచ్చారట. మేము వచ్చిన మరుసటి ఏడు, ఈస్టర్ వెళ్ళిన కొన్నాళ్ళకి ఆయన పోయాడు. కొడుకు ఎక్కడో ఉత్తరాన టూవూంబా అనే ఊళ్ళో డాక్టరు. వచ్చి, పదిరోజులుండి, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చి కూర్చునేది. కాఫీ ఇచ్చేదాన్ని. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడేవాళ్ళం కాదు. అయినా ఆ రోజుల్లో సాయంత్రానికి నా గొంతు బాగానే ఉండేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు ఒక కారు ఆగింది. పొడుగాటి మనిషి దిగి, లోపలికి వెళ్ళి, అరగంటకి వెళ్ళిపోయాడు. వెంటనే అక్క ఒక కాగితం సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సంచీలోంచి మడతపెట్టిన గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. పైన తెలుపు, కింద ఎరుపు, కర్రవైపు నుంచి మధ్యదాకా నీలం ముక్కోణం.

"మేము వచ్చిన కొత్తలో వలస వచ్చినవాళ్ళ హాస్టల్లో కుట్టాం," అంది. "తెలుపు హాస్టల్ దుప్పటి. దొంగతనమే, ఎవరికీ చెప్పకు. నీలం నా లంగా. మా ఆయన కత్తిరించాడు, నేను కుట్టాను."

ఆ వచ్చిన మనిషి వాళ్ళ క్లబ్బు పెద్ద. ఒకప్పుడు చెక్‌లకీ స్లొవాక్‌లకీ ఒకటే క్లబ్బు. అక్కడ దేశం రెండయ్యాక ఇక్కడ క్లబ్బూ రెండయింది. కుర్చీలు కూడా లెక్కపెట్టి పంచుకున్నారట. ఇతనిది చెక్‌ల వైపు. ఒలింపిక్స్‌కి వాళ్ళ దేశం నుంచి అతిథులు సిడ్నీ వస్తున్నారు, హాల్లో కట్టడానికి చేత్తో కుట్టిన ఆ పాత జెండా ఇమ్మని అడగడానికి వచ్చాడు. శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు.

"ఇది అవర్ ఫ్లాగ్ అన్నాడు," అంది అక్క.

ఆ "అవర్" దగ్గర నేను ఆగిపోయాను. మీకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో ఇస్తారు, అందుకని ఈ ఇబ్బంది మీకు ఎప్పుడూ వచ్చి ఉండదు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఒక ప్రశ్న లేస్తుంది.

"అక్కా, ఆయన అవర్ అన్నప్పుడు అందులో నువ్వు ఉన్నావా, లేవా?"

"అంటే?"

"మాకు దానికి రెండు మాటలు. 'మన' అంటే నువ్వూ నేనూ కలిపి. 'మా' అంటే నేనూ నావాళ్ళూ. నువ్వు కాదు."

అక్క మన, మా, అని రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. "అతను మా అన్నాడు," అంది చివరికి. "ముప్పై ఏళ్ళు నాతో మన అన్నవాడే. మా భాషల్లో ఆ రెంటికీ తేడా లేదుగా, ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు."

దేశం విడిపోయేటప్పుడు ఉమ్మడి గుర్తులు ఇద్దరిలో ఎవరూ వాడుకోకూడదని రాసుకున్నారట. తీరా చూస్తే ఆ జెండాని చెక్‌లు అట్టే పెట్టుకున్నారు. స్లొవాక్‌లు వేరేది చేసుకున్నారు.

"మరి మీవాళ్ళు పోట్లాడలేదా?"

"మావాళ్ళకి కొత్తది కావాలనిపించింది. వద్దనుకున్న పాతదాని కోసం ఎవరు పోట్లాడతారు?"

"అయితే నీకూ వద్దా?"

"నేను దేశాన్ని కాదుగా, లవ్."

మా పుట్టింట్లో పంపకాలప్పుడు గంగాళం కోసి ఇవ్వలేక పెద్దన్నయ్యకి వదిలేశారు. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళినా అందులో నీళ్ళు తోడుకోవడానికి మా చిన్నన్నయ్య చెయ్యి వెనకాడేది. అది గుర్తొచ్చింది నాకు. కానీ ఇంగ్లీషులో చెప్పడం చేతకాలేదు.

అక్క అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. సంచీలోంచి చిన్న బ్లేడు తీసింది. "నీలం విప్పి నాకియ్యి. మిగిలింది వాళ్ళకిస్తా. నా కళ్ళకి శుక్లాలు, కుట్టు కనపడదు."

నేను కిటికీ దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. మిషన్ కుట్టు, గట్టిగా ఉంది. మూడంగుళాలు విప్పేసరికి నీలం మూల వేలాడింది. మిగతాది ఎలా ఉంటుందో చూద్దామని అక్క ఆ ముక్కోణాన్ని రెండు చేతులతో మూసింది. పైన తెలుపు, కింద ఎరుపు.

"పోలాండ్!" అని అరిచింది.

నాకు అర్థం కాలేదు. నీలం లేకపోతే అది అచ్చంగా పోలాండ్ జెండా అట. నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, తర్వాత నవ్వు ఆగింది, తుడుచుకోవడం ఆగలేదు. "నన్ను తీసేస్తే అది వాళ్ళది కూడా కాదు," అంది. గుడ్డ నా వైపు జరిపి, "అయినా విప్పు," అంది.

నాకు చెయ్యి రాలేదు. బయట వీధి దీపాలు వెలిగాయి. "ఇవాళ వద్దక్కా. మాలో దీపాలవేళ సూదీ బ్లేడూ పట్టం," అన్నాను.

"ఎందుకు?"

"లక్ష్మి ఇంటికొచ్చే వేళ."

"ఆవిడెవరు? మీ ఆయనే ఎనిమిదింటికి గానీ రాడు కదా?"

రేపు విప్పుతానని చెప్పి జెండా నా దగ్గరే ఉంచుకున్నాను. పొద్దున్న చూస్తే కలరా ఉండల వాసన, సిగరెట్ వాసన. మనిషి పోయిన ఇంట్లోంచి వచ్చిన గుడ్డ, ఉతకకుండా ఎలా ముట్టుకోవడం అనిపించింది. ఎరుపు రంగు దిగకుండా చన్నీళ్ళలో ఉప్పు వేసి జాడించాను. అంతవరకూ బాగానే ఉంది. తెల్లబట్ట పసుపుపచ్చగా మాసి కనిపించేసరికి నా చేతులు వాటికి తెలిసిన పని చేసేశాయి. అన్నం వార్చిన గంజిలో, ఇంటి నుంచి తెచ్చుకున్న నీలిమందు కలిపి, అందులో ముంచి తీశాను. మా చీరలకీ, మీ తాతగారి తెల్లచొక్కాలకీ వేసే కొలతే వేశాను. కానీ అది ముప్పై ఏళ్ళ దుప్పటి గుడ్డ. అంతా తాగేసింది.

ఆరాక చూస్తే తెలుపన్నది లేదు. ఆకాశం రంగొకటి పైనంతా పాకింది. గంజికి అప్పడంలా బిగుసుకుపోయి, గాలి వస్తే ఎగరక, తలుపులా అటూ ఇటూ ఊగుతోంది.

వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అక్క బట్టల బుట్టతో వచ్చి నిలబడిపోయింది. వేలితో తట్టింది. టప్ మంది. నేను పరిగెత్తాను.

"అక్కా, మాలో తెల్లబట్టకి నీలం పెడితే తెల్లబడుతుంది..."

"నీలం పెడితే తెల్లబడుతుందా?"

"మా ఇంట్లో తెల్లబడుతుంది."

అక్క బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి పారబోశాను. వెళ్ళి తలుపు కొట్టే ధైర్యం లేదు, ఆ గుడ్డ దండెం మీంచి తీసే ధైర్యం కూడా లేదు. ఆ ఊరు మొత్తానికి నాకున్నది ఒక్క మనిషి. ఆ మనిషికి మొగుడి చేతి గుర్తుగా మిగిలింది ఆ ఒక్క గుడ్డ.

శనివారం కారు వచ్చింది. అక్క అతన్ని తిన్నగా పెరట్లోకి తీసుకొచ్చింది. వాళ్ళు మొదట వాళ్ళ భాషల్లోనే మాట్లాడుకున్నారు. తర్వాత అక్క కావాలనే ఇంగ్లీషులోకి మారింది. కిటికీ తెరిచి ఉందని ఆమెకి తెలుసు.

"ఇందులో తెలుపేదీ?" అన్నాడతను.

"నీలం నాది. అదే పాకింది."

"హాల్లో ఇది కడితే, ఏ దేశానిదని అడుగుతారు."

"అడగనియ్యి. నువ్వేం చెప్తావో నేనూ వింటాను."

అతను చెడ్డవాడేం కాదు.  కొత్తది తెప్పించుకుంటాంలే అని, అక్క బుగ్గ మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా ఆగి, అక్క నా కిటికీ వైపు చూసింది.

"దాక్కుంది చాల్లే. సూదీ దారం పట్టుకురా, లవ్. మీ లక్ష్మి రాకముందే."

విప్పిన మూడంగుళాలూ ఆ ఎండలోనే కూర్చుని కుట్టేశాను.

ఒలింపిక్స్ మొదలైన రోజు ఇద్దరం ఆమె ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. చలిగా ఉందని జెండా ఇద్దరి ఒళ్ళో కప్పింది. చెక్‌లు వేరేగా వచ్చారు, స్లొవాక్‌లు వేరేగా వచ్చారు. ఎవరు వచ్చినప్పుడూ అక్క ఒకేలా చూసింది. చప్పట్లు కొట్టలేదు. మీ తాతగారు ఇంటికొచ్చి ఉంటారని నేను లేచేటప్పుడు మాత్రం, "ఇంకాసేపు కూర్చో, ఇంకా బోలెడు దేశాలున్నాయి," అంది.

మరుసటి ఏడు కొడుకు వచ్చి టూవూంబా తీసుకెళ్ళిపోయాడు. కారులో పన్నెండు గంటల దారి. మొదట్లో వారం వారం ఫోన్ చేసుకునేవాళ్ళం. ఫోన్లో చేతులు కనపడవు కదా, మా ఇద్దరి ఇంగ్లీషూ అక్కడక్కడే ఆగిపోయేది. "తిన్నావా?" "తిన్నాను." "చలిగా ఉందా?" "ఉంది." తర్వాత నెలకోసారి అయింది. ఆ తర్వాత పండగలకి.

కొన్నేళ్ళకి ఒక పొద్దున్న ఆ కొడుకే ఫోన్ చేశాడు. అక్క పోయింది. పెట్టెలో జెండా దొరికిందనీ, తన మీద కప్పమని చీటీ రాసి పెట్టిందనీ చెప్పాడు.

"అమ్మ స్లొవాక్ కదా, ఆంటీ. ఇది చెక్ జెండా. అదీ సరైన రంగు కాదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

నాకు వచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను, దుప్పటి దగ్గర్నుంచి నీలిమందు దాకా. వాళ్ళమ్మ దాన్ని విప్పబోయిన సంగతి అతనికి తెలియదట.  తర్వాత మెల్లిగా, "కప్పాక తీసి మీకు పంపనా? తనతోపాటు పాతిపెట్టమని అమ్మ రాయలేదు," అన్నాడు.

"వద్దు నాన్నా, ఆమెతోనే వెళ్ళనీ," అన్నాను.

"ఆర్ యూ షూర్, ఆంటీ?"

"షూర్."

"థాంక్యూ," అని పెట్టేశాడు.

మనలో ఎవరైనా ఏదైనా ఇస్తానంటే రెండుసార్లు వద్దని, మూడోసారికి సరే అంటాం. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లాడు, అతనికి ఆ సంగతి ఎవరు చెప్తారు? మళ్ళీ మోగుతుందేమోనని మధ్యాహ్నం దాకా ఫోన్ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.