ఎలుగు కథ సరిదిద్దిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఊరి బడిని పోలీసులు తీసేసుకున్నారు. పూండికి అవతల, సముద్రం గాలి తగిలే జీడితోటల ఊరు మాది. కొండల మీద తిరిగేవాళ్ళని పట్టుకోవడానికి వచ్చామన్నారు. బల్లలన్నీ బయట పడేసి, మూడో తరగతి గదికి తాళం వేశారు. బడి లేదని నేను ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆ గదిలోనే మా చిన్నాన్నని పెట్టారు. కొండల్లోవాళ్ళకి బియ్యం అందించాడట. అందించాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, కథలు చెప్పడంలో దిట్ట. ఆడవాళ్ళు జీడి అంటకుండా చేతులకి బూడిద రాసుకుని జీడిపిక్కలు కొడుతుంటే, పనసతోటకి ఎలుగుబంటిని కాపలా పెట్టుకున్న కుందేళ్ళ కథ చెప్పేది. కాపలాకొచ్చిన ఎలుగు పళ్ళన్నీ తనే మింగి, పళ్ళేవని అడిగిన కుందేళ్ళనే దొంగలంటూ గుహలో పడేసి కొడుతుంది. ఆ ఎలుగెవరని ఎవరూ అడిగేవారు కాదు. పిక్కలు కొట్టే చేతులు ఒక్క క్షణం ఆగేవి, అంతే. నాకు మాత్రం అది నిజంగా ఎలుగు కథే. మా తోటల్లోకి ఎలుగులు రావడం మామూలే మరి. ఆ కథ మాటమాటా బట్టీ పట్టేశాను. మామ్మ ఎక్కడ తడబడినా ఊరుకునేదాన్ని కాదు.

చిన్నాన్నని పట్టుకుపోయిన నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని మామ్మా నేనూ బడికి వెళ్ళాం. కిటికీలోంచి చిన్నాన్న కనిపించాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు గానీ మా వైపు ఒక్క అడుగు వెయ్యలేకపోయాడు. అది చూసి మామ్మ గబగబా వెళ్ళి పెద్ద మేష్టారి కుర్చీలో కూర్చున్న అధికారి కాళ్ళ మీద పడింది.

“నీ కాళ్ళట్టుకుంతాను బాబూ, ఆడికేటీ తెల్దు. ఆణ్ణి ఒగ్గీండి.”

ఆయన నవ్వాడు. “ఏదో ఎలుగు కథ చెప్తున్నావట కదా ముసలమ్మా. ఊరంతా విన్నారు, నేనే వినలేదు. చెప్పు. అందులో తప్పేం లేకపోతే నీ కొడుకుని తీసుకుపో.”

మామ్మ చెప్పింది. ఆ ఎలుగు ఎంత మంచిదో! పండు కోసి ముందు పిల్ల కుందేళ్ళకి పెట్టి, మిగిలిన తొనలే తను తినేదట. కుందేళ్ళు దాని పాదాలు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకునేవట. అధికారి తల ఊపుతున్నాడు. ఒక కానిస్టేబులు తాళంచెవి కోసం జేబు తడుముకున్నాడు కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది.

“కాదు మామ్మా, అలాక్కాదు! పళ్ళన్నీ ఎలుగే గదా మింగీసింది! కుందేళ్ళని గుహలో పడీసి కొట్టింది గదా! కథెందుకు మార్సేత్తన్నావు?”

మామ్మ నా నోరు మూయబోయింది. అధికారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, “నువ్వు చెప్పు పాపా” అన్నాడు, ఎంతో ముద్దుగా. చెప్పాను. ఎలుగులా ఊగుతూ నడిచి మరీ చూపించాను. కానిస్టేబుళ్ళు మొదట నవ్వారు, తరవాత ఆయన మొహం చూసి మానేశారు. తాళం ఎవరూ తియ్యలేదు.

తిరిగొస్తుంటే ఇసకదారిలో మామ్మ ఆగింది. వీపు పగిలిపోతుందనుకున్నాను. ఆవిడ నా ముక్కు తుడిచింది.

“నువ్వు తప్పు సెప్పనేదే అమ్మా. కథ అదే. నానే మార్సీసినాను. నోరు జారినాది నానేనని ఇంట్లో సెప్తాను. నువ్వు మాటాడకు. పసిదానివి, మొయ్యనేవు.”

మర్నాడు చిన్నాన్నని జీపులో తీసుకుపోయారు. పారిపోతుంటే కాల్చామని రెండు రోజులకి కబురొచ్చింది. గోడ పట్టుకుంటే గానీ నిలబడలేనివాడు ఎక్కడికని పరిగెత్తాడు, ఎలా పరిగెత్తాడు?

మామ్మ అన్నంత పనీ చేసింది. తప్పంతా తన మీద వేసుకుంది. “కథ కోసం కొడుకుని చంపుకున్నావు” అని నాన్న ఆవిడతో మాట్లాడడమే మానేశాడు. ఆవిడ కథలూ మానేసింది.

ఇప్పుడు పదవిలో ఉన్నవాడికి దేవుడివంటూ దండలు వేసేవాళ్ళని టీవీలో చూసి మా మనవరాలు ఛీ కొడుతుంది. నాకు ఛీ కొట్టడానికి నోరు రాదు. వీళ్ళ బిడ్డ ఏ తాళం వెనక ఉన్నాడో, పాపం, అనుకుంటాను. మనవరాలికి మాత్రం ఎలుగు కథ ఉన్నదున్నట్టే చెప్పాను. ఇన్నేళ్ళలో కుర్చీలోకి ఎవరెవరో వచ్చారు, పోయారు. ఆ కథలో ఒక్క మాట మార్చాల్సిన అవసరం రాలేదు.

మామ్మ పోయినప్పుడు నాన్న కొరివైతే పెట్టాడు గానీ ఆవిడ మొహం చూడలేదు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు, అన్నీ తెలిసిన వయసే. నేను ఒక్క మాట చెబితే చూసేవాడు. పోలీసుల ముందు అంత గట్టిగా అరిచిన నోరు, మా నాన్న ముందు పెగల్లేదు.